అప్‌డేట్: మా చిట్టి కొత్త సీసాలో నీళ్లు తాగుతోంది

నీళ్ల గిన్నెలో రెట్టలు వేస్తోందని మా బడ్జీ (చిన్న పెంపుడు చిలుక) చిట్టికి గొట్టం సీసా తగిలిస్తే, దాని వంక కూడా చూడట్లేదని అడిగాను కదా. ఇప్పుడు తాగుతోంది! 9 రోజులు పట్టింది.

మొదటి రోజే గిన్నె తీసేయడం నా తప్పు. దాహమేస్తే అదే తాగుతుందిలే అనుకున్నా. 30, 40 గ్రాముల పిట్ట, పైగా ఎండాకాలం. మీరు తిట్టినా సబబే. వెంటనే గిన్నె మళ్లీ పెట్టేశాను.

సీసాని రెండు రోజులు పంజరం బయటే వేలాడదీశాను, అలవాటు పడుతుందని. తర్వాత లోపల, అది కూర్చునే పుల్ల దగ్గర, ముక్కు ఎత్తుకి సరిగ్గా గొట్టం కొస వచ్చేలా కట్టాను. రోజూ వేలితో గొట్టం కొసలో ఉండే గోలీని నొక్కి ఒక చుక్క వేలాడేలా వదిలేదాన్ని. ఆరో రోజు పుల్ల మీద పక్కకి పక్కకి జరుగుతూ వచ్చింది, మెడ చాచి ఒంటికన్నుతో చూసింది, టక్కున పొడిచింది. చుక్క మాయం! తల విదిలించి మూలకి పరిగెత్తింది. అరగంటకి మళ్లీ వచ్చింది.

నిజంగా తాగుతోందా, కారిపోతోందా అని టెన్షన్. సీసా మీద మార్కర్‌తో గీత గీసి, కింద టిష్యూ పరిచాను. టిష్యూ పొడిగానే ఉంది, నీళ్లు మాత్రం తగ్గాయి.

ఒకరోజు గోలీ ఇరుక్కుపోయి చుక్క రాలేదు. అందుకే రోజూ పొద్దున కడిగి, నొక్కి చూస్తున్నా. గిన్నె కూడా ఇంకొన్నాళ్లు ఉంచుతాను. రెట్టలు మాత్రం ఇప్పటికీ అందులోనే.