కళ్ళు తెరవని తాబేలు: ఇంట్లో చూసుకోవచ్చా, డాక్టర్‌కి చూపించాలా?

కూకట్‌పల్లి_కొత్తవాడు:
పాప పుట్టినరోజుకి అక్వేరియం షాపులో చిన్న నీటి తాబేలు కొన్నాం. చెవి దగ్గర ఎర్ర గీత ఉండే రకం, రెడ్ ఇయర్డ్ స్లైడర్. ఇప్పుడు రెండు కళ్ళూ వాచి మూసుకుపోయాయి. ఎండు రొయ్య ముక్కు ముందు పెట్టినా పట్టించుకోవట్లేదు. నీళ్ళలో వదిలితే ఒక పక్కకి ఒరిగిపోతోంది. షాపాయన కళ్ళలో వేసే చుక్కలు ఇచ్చాడు. అవి చాలా, డాక్టర్‌కి చూపించాలా? పాప టబ్బు దగ్గర నుంచి లేవట్లేదు, నాకు టెన్షన్‌గా ఉంది.

చెరువుగట్టు:
డాక్టర్ జోలికి వెళ్ళకండి. ఇది విటమిన్ ఎ లోపం. ఉత్త ఎండు రొయ్యలతో పెంచితే ఇలాగే అవుతుంది. ఉడికించిన చిలగడదుంప, మునగాకు, చిన్న లివర్ ముక్క పెట్టండి. మా తాబేలుకీ కళ్ళు వాస్తే క్లినిక్‌కి తీసుకెళ్ళాం. తూకం కూడా వేయకుండా విటమిన్ ఎ ఇంజెక్షన్ పొడిచారు. తర్వాత మెడ దగ్గర, కాళ్ళ సందుల్లో చర్మం పొరలుగా ఊడిపోయి లోపలి ఎరుపు కనపడింది. బతకలేదు. ఆ మందు డోసు మించితే జరిగేది అదే.

మూడో_అంతస్తు:
పాలకూర పెట్టి చూడండి బ్రో.

స్లైడర్_అమ్మ:
కొత్తవాడు గారూ, కళ్ళ సంగతి తర్వాత. ఒక పక్కకి ఒరుగుతోంది అన్నారే, నాకు భయం వేసింది అక్కడే. ఊపిరితిత్తుల్లో ఇన్ఫెక్షన్ ఉన్న తాబేలు అలా ఒరుగుతుంది. ముక్కులోంచి బుడగలు వస్తున్నాయా? మెడ చాచి నోరు తెరుస్తోందా? అయితే ఇవాళే చూపించాలి. తిండితో తగ్గే జబ్బు కాదు, యాంటీబయాటిక్ కావాలి.

ఈలోపు వేడి చూడండి. దాని ఒంటికి సొంతంగా వేడి పుట్టదు, నీళ్ళు చల్లగా ఉంటే జబ్బుతో పోరాడలేదు. చలికాలం రాత్రి హైదరాబాద్‌లో 15 డిగ్రీల కిందికి దిగుతుంది. హీటర్ పెట్టి నీళ్ళు 27 డిగ్రీల దగ్గర ఉంచండి. పైకెక్కి ఒళ్ళు ఆరబెట్టుకోవడానికి రాయో చెక్కో పెట్టి, దాని మీద 32 డిగ్రీల వేడి పడేలా బల్బు వేలాడదీయండి. నీళ్ళు లోతు వద్దు, తల పైకెత్తితే గాలి అందాలి. కళ్ళు కనపడనిది తిండిని వెతుక్కోలేదు, అందుకే తినట్లేదు.

చెరువుగట్టు:
హీటర్, బల్బు దేనికండీ? కిటికీ దగ్గర ఎండలో పెడితే చాలదా?

స్లైడర్_అమ్మ:
అద్దం మూసి ఉంటే చాలదు. చిప్ప గట్టిపడాలంటే ఎండలోని యూవీబీ అనే కిరణాలు కావాలి, వాటిని అద్దం ఆపేస్తుంది.

చెరువుగట్టు:
కిటికీ తెరిచి పెడతాం. ఇప్పుడేమంటారు?

స్లైడర్_అమ్మ:
నీడ కూడా ఉంటే మంచిదే. కానీ ఒరిగిపోయే తాబేలుని చలిగాలిలో పెడతారా?

గోదారి_గాలి:
ఇంత గొడవెందుకు? గుడి కోనేట్లో వదిలేయండి, పుణ్యం వస్తుంది.

స్లైడర్_అమ్మ:
దయచేసి ఆ పని మాత్రం చేయొద్దు. ఇది అమెరికాలో మిసిసిపీ ప్రాంతపు తాబేలు. జబ్బుతో వదిలితే చస్తుంది. బతికితే మన చెరువు తాబేళ్ళ తిండి, ఎండ కాచుకునే చోటు లాక్కుంటుంది. బయటి నుంచి వచ్చి స్థానిక జీవులకి అత్యంత హాని చేసే 100 జాతులు అంటూ ఐయూసీఎన్ అనే అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ నిపుణులు వేసిన జాబితాలో దీని పేరుంది.

చెరువుగట్టు:
నా ఇంజెక్షన్ మాటకి ఇంతవరకు జవాబు లేదు. ఆవులకీ గొర్రెలకీ నులిపురుగులకి వాడే ఐవర్‌మెక్టిన్ తాబేలుకి వేస్తే చచ్చిపోతుంది. తాబేళ్ళని చూడని డాక్టర్ ఎదురైతే కొత్తవాడు గారి గతేంటి?

స్లైడర్_అమ్మ:
అందుకే సరీసృపాలు చూసే డాక్టర్‌ని వెతకమంటాం. మీకు ఒకరి వల్ల అన్యాయం జరిగిందని ఇంకొకరి తాబేలుకి వైద్యం వద్దంటే ఎలా? ఇంట్లోనే చూసుకోండి అన్న మాట విని ఎన్ని తాబేళ్ళు పోయాయో నేను చూశాను. ఖర్చు పెట్టలేనివాళ్ళు అసలు కొనకూడదు.

చెరువుగట్టు:
ఇప్పుడొచ్చింది అసలు మాట! మాది చిన్న ఊరు. ఉన్నది గేదెలని చూసే పశువుల ఆసుపత్రి ఒక్కటే. బస్సెక్కి సిటీకి తీసుకెళ్ళి, అడిగినంత ఫీజు కట్టాం. చచ్చాక ఫోన్ చేస్తే "తాబేలే కదండీ, ఇంకోటి కొనుక్కోండి" అన్నారు. మావాడు వాకిట్లో గొయ్యి తీసి వాడే పూడ్చాడు. డబ్బున్న ఇంటి పిల్లలకే జంతువంటే ప్రేమ ఉంటుందా అండీ? తాబేలు ఖరీదు కంటే దాని బల్బు ఖరీదెక్కువ. ఆ సంగతి షాపులో ఎవరూ చెప్పరు.

స్లైడర్_అమ్మ:
"తాబేలే కదా" అన్నవాళ్ళ మీద మీకెంత కోపమో నాకూ అంతే. కానీ నా మాట వెనక్కి తీసుకోను. తక్కువకి వచ్చింది కదా అని చేతిలో పెడుతున్నారు. అది పళ్ళెమంత పెరిగి 20, 30 ఏళ్ళు బతుకుతుంది. పేద, ధనిక అని కాదు, అన్నేళ్ళూ చూసుకోగలమా అని కొనేముందే ఆలోచించాలి.

చెరువుగట్టు:
ఆ ప్రశ్న అమ్మేవాణ్ణి అడగండి ముందు. పుట్టినరోజు బహుమతి అని అంటగట్టేది వాడు. కన్నీళ్ళు పెట్టుకునేది మా పిల్లలు.

నల్లమల_నడక:
అమెరికాలో 1975 నుంచి చిప్ప 4 అంగుళాలు లేని తాబేలుని పెంపకానికి అమ్మకూడదు. వాటి వల్ల పిల్లలకి సాల్మొనెల్లా అనే, విరేచనాలు తెప్పించే బాక్టీరియా సోకుతోందని ఆపారు. కొత్తవాడు గారూ, ముట్టుకున్న ప్రతిసారీ పాప చేతులు సబ్బుతో కడిగించండి. టబ్బు నీళ్ళు వంటగది సింకులో పారబోయకండి.

కూకట్‌పల్లి_కొత్తవాడు:
బుడగలు వస్తున్నాయండీ, ఇప్పుడే చూశాను. తాబేళ్ళు చూసే డాక్టర్ దొరికారు, సాయంత్రం రమ్మన్నారు. ఎలా తీసుకెళ్ళాలి?

స్లైడర్_అమ్మ:
నీళ్ళు వద్దు. గాలి ఆడే డబ్బాలో తడి గుడ్డ పరిచి పెట్టండి. బైకు మీద చలిగాలి తగలకుండా చూసుకోండి.

చెరువుగట్టు:
వెళ్ళండి, ఇక కాదనను. ముందు తూకం వేయించండి, వాళ్ళు వేయకపోతే మీరే అడగండి. ఏ మందు, ఎంత డోసు అన్నది చీటీ మీద రాయించుకోండి. విటమిన్ ఎ అంటే ఇంజెక్షన్ కాకుండా తిండిలో ఇవ్వొచ్చా అని అడగండి. వేరే ఇంజెక్షన్ ఏదైనా వేస్తే ముందు కాలికి వేయమనండి. వెనక కాలికి వేస్తే మందు కిడ్నీల మీదుగా పోవచ్చు. ఇవన్నీ మాకు ఎవరూ చెప్పలేదు.