లాటిన్ అక్షరాల మీది గుర్తులు: ఒకే మాట వెతుకులాటలో రెండుగా ఎందుకు విడిపోతోంది?

మైలాపూరు_గ్రంథసూచి (చెన్నై):

చెన్నైలోని ఒక తెలుగు గ్రంథాలయానికి పాత పుస్తకాల కేటలాగు తయారుచేస్తున్నాము. ప్రతి పేరును తెలుగులోను, ఐఎస్‌ఓ 15919 పద్ధతిలో లాటిన్ లిపిలోను (భారతీయ లిపులను లాటిన్‌లోకి మార్చే అంతర్జాతీయ ప్రమాణం అది) ఇస్తున్నాము కనుక దీర్ఘాలకు అక్షరం మీద అడ్డగీత, ట, డ, ణ, ళలకు అక్షరం కింద చుక్క తప్పనిసరి. పుదుచ్చేరిలో అచ్చయిన ఫ్రెంచి పుస్తకాల జాబితాను సీఎస్‌వీ (కామాలతో విడదీసిన పట్టిక) ఫైలుగా తెరిస్తే, ఆ ఊరి ఫ్రెంచి పేరులో వాలుగీత ఉన్న ‘ఇ’ (e) అక్షరానికి బదులు అలగీత ఉన్న పెద్ద ‘ఎ’ (A), దాని పక్కన కాపీరైటు గుర్తు వస్తున్నాయి. అంతకన్నా పెద్ద చిక్కు ఏమిటంటే, ఇద్దరం వేరువేరు కంప్యూటర్లలో లాటిన్ లిపిలో టైపు చేసిన ‘నాటకం’ తెరమీద ఒకేలా ఉన్నా, వెతికితే ఒకరు చేర్చిన పుస్తకాలే దొరుకుతున్నాయి. గుర్తులన్నీ తీసివేయమని కొందరు అంటున్నారు కానీ, అప్పుడు ‘కల’కు, ‘కళ’కు తేడా ఉండదు కనుక నాకు మనసొప్పడం లేదు. ఏం చేయాలో దయచేసి చెప్పగలరు.

అడయారు_లిపి:

గుర్తులు తీసివేయకండి, అవి లేని కేటలాగును తరువాత సరిదిద్దాలంటే ప్రతి పుస్తకాన్నీ మళ్లీ చేతిలోకి తీసుకోవాలి.

మీ సీఎస్‌వీ ఫైలు చెడిపోలేదు, దాన్ని తెరిచిన ప్రోగ్రాం, ఏ సంఖ్య ఏ అక్షరమో చెప్పే పట్టికల్లో వేరేదానితో చదివింది. 1963లో వెలువడిన ఆస్కీ పట్టికలో గుర్తులున్న అక్షరాలకు చోటే లేదు. ఆ తరువాత వచ్చిన లాటిన్-1 పట్టిక స్థానాలను 256కు పెంచి, ఫ్రెంచివారి వాలుగీత ‘ఇ’కి 233వ స్థానం ఇచ్చింది. అన్ని లిపుల అక్షరాలకూ సంఖ్యలిచ్చే యూనికోడ్‌లోనూ దాని సంఖ్య 233 అయినా, ఆ సంఖ్యలను ఫైలులో రాసే పద్ధతి అయిన యూటీఎఫ్-8 దాన్ని 195, 169 అనే రెండు బైట్లుగా రాస్తుంది. పాత పట్టికతో చదివే ప్రోగ్రాం ఒక్కొక్క బైటును ఒక్కొక్క అక్షరంగా చూపిస్తుంది కనుక, 195 అలగీత ‘ఎ’గాను, 169 కాపీరైటు గుర్తుగాను మీకు కనిపించాయి. ఫైలును నేరుగా తెరవకుండా స్ప్రెడ్‌షీట్‌లోకి దిగుమతి చేసుకుంటూ యూటీఎఫ్-8ను ఎంచుకోండి. తప్పుగా తెరుచుకున్నదాన్ని మాత్రం సేవ్ చేయవద్దు, చేస్తే ఆ తప్పే ఫైలులో స్థిరపడుతుంది.

ఇక ‘నాటకం’ సంగతి. కింద చుక్క ఉన్న లాటిన్ ‘టి’ (t)ని యూనికోడ్‌లో 7789 అనే ఒకే కోడుతో రాయవచ్చు, లేదా మామూలు ‘టి’ వెంట 803 అనే కింది చుక్కను చేర్చీ రాయవచ్చు. ఈ రెండూ సమానమేనని యూనికోడ్ ప్రమాణం చెబుతుంది, కానీ కోడ్‌లను యథాతథంగా పోల్చే వెతుకులాటకు అవి రెండు వేరు మాటలు. మన లిపిలోనూ ఇది ఉంది: ఐత్వాన్ని ఒకే కోడుగాను, ఎత్వానికి కింది గుర్తును కలిపి రెండు కోడ్‌లుగాను రాయవచ్చు. కాబట్టి పాత వివరాలన్నిటినీ ఒక్కసారి, అక్షరాన్నీ గుర్తునూ వీలైనచోట ఒకే కోడుగా కలిపే ఎన్‌ఎఫ్‌సీ రూపానికి మార్చి, కొత్తగా చేరేవాటినీ, వెతికేవారు టైపు చేసే మాటనూ అదే రూపంలోకి తెచ్చే ఏర్పాటు చేయండి.

తరమణి_టైపిస్టు:

టైపు చేయడానికి విండోస్‌లోని యూఎస్-ఇంటర్నేషనల్ లేఅవుట్ ఫ్రెంచికి చాలావరకు సరిపోతుంది, కానీ అందులో అడ్డగీత, కింది చుక్క లేవు. వాటికి కీమ్యాన్ వంటి కీబోర్డు సాధనం పెట్టుకోవాలి. మాక్‌లో ఏబీసీ-ఎక్స్‌టెండెడ్ ఎంచుకుంటే, ఆప్షన్‌తో ‘ఎ’ నొక్కి తరువాత అచ్చు నొక్కితే అడ్డగీత, ఆప్షన్‌తో ‘ఎక్స్’ నొక్కి తరువాత హల్లు నొక్కితే కింది చుక్క వస్తాయి. లినక్స్‌లో కంపోజ్ కీ, ఆశ్చర్యార్థకం, ‘టి’ వరుసగా నొక్కితే చాలు.

మైలాపూరు_గ్రంథసూచి:

ఇద్దరికీ ధన్యవాదాలండీ. గుర్తులు టైపు చేయడం రాని పాఠకులు వెతికితే ఎలా? ‘ఋ’కూ ఎన్‌ఎఫ్‌సీ సరిపోతుందా?

అడయారు_లిపి:

పాఠకుల కోసం వేరే నిలువు వరుస పెట్టండి. అందులో అక్షరాలను వాటి గుర్తుల నుంచి ఎన్‌ఎఫ్‌డీ రూపంలో విడదీసి, గుర్తులను వదిలివేసిన పాఠం ఉండాలి. అది వెతకడానికి మాత్రమే, చూపించడానికి కాదు. ‘ఋ’కు మీ పద్ధతిలో ‘ఆర్’ కింద చిన్న వృత్తం రావాలి. దానికి యూనికోడ్‌లో ఒకే కోడు లేదు కనుక ఎన్‌ఎఫ్‌సీ తరువాత కూడా అది రెండు కోడ్‌లుగానే ఉంటుంది, అది తప్పు కాదు. సంస్కృత పుస్తకాల అలవాటుతో అక్కడ కింది చుక్క పెట్టేవారు చాలామంది ఉన్నారు. ఐఎస్‌ఓ 15919లో ఆ అక్షరం హిందీలోని చుక్క ‘డ’కు చెందుతుంది కనుక, పాత వివరాలను మార్చేటప్పుడు దాన్ని విడిగా వెతికి సరిచూడండి.