చైనా చక్రవర్తుల చరిత్ర పిల్లలకు కామిక్స్‌లో చెప్పవచ్చా?

తంపినీస్_అమ్మ:
మేం సింగపూర్‌లో ఉంటాం. మా బాబుకి పదకొండేళ్లు. క్లాసులో ఎక్కువమంది చైనీస్ పిల్లలే. లైబ్రరీ నుంచి చైనా రాజవంశాల మీద ఇంగ్లీషు కామిక్స్ తెచ్చుకుని వాటిలోనే మునిగిపోతున్నాడు. చిన్ వంశంతో మొదలై 1912లో ఆఖరి చక్రవర్తి, ఆరేళ్ల పూయీ గద్దె దిగేదాకా వరసగా ఉన్నాయి. మొన్న అన్నం తింటూ ఏం చెప్పాడో తెలుసా? క్రీ.పూ. 210లో చైనా మొదటి చక్రవర్తి చిన్ షి హువాంగ్ ప్రయాణంలో చనిపోతే, ఆ సంగతి బయటికి రాకుండా మంత్రి లీ స్సు, ఆస్థాన అధికారి జావ్ గావ్ కలిసి వెంట చేపల బండ్లు నడిపించారట, శవం వాసన తెలియకూడదని. తర్వాత పెద్దకొడుకు ఫూసూకి చావమని దొంగ ఉత్తరం పంపారట. ఇవేవీ నాకు తెలియవు. మా ఆయనేమో ఇది చదువు కాదు, కాలక్షేపం అంటున్నారు. ఇంత రక్తపాతం బొమ్మల్లో ఇవ్వచ్చా? తెలుగులో ఇలాంటివి వస్తే మీ పిల్లలకి కొంటారా?

ఊరకే_చదివేవాడిని:
చదువుతున్నాడు కదా, వదిలేయండి. మావాడు యూట్యూబ్ తప్ప ఏదీ ముట్టుకోడు.

రిటైర్డ్_సోషల్:
అమ్మా, ముప్పై ఏళ్లు గుంటూరు జిల్లాలో సోషల్ చెప్పినవాణ్ని. రక్తపాతం గురించి నాకు బెంగ లేదు, పిల్లలు మనకన్నా గట్టివాళ్లు. నా అభ్యంతరం వేరు. బొమ్మకు సందేహం తెలియదు. పుస్తకంలో 'ఇలా జరిగిందని అంటారు, కొందరు ఒప్పుకోరు' అని రాయవచ్చు. బొమ్మలో ఎలా రాస్తారు? తాంగ్ కాలపు వూ జెతియెన్ సంగతి చూడండి. చైనా మొత్తం చరిత్రలో తన పేరుతో చక్రవర్తిగా ఏలిన స్త్రీ ఆమె ఒక్కతే, 690 నుంచి 705 దాకా. 654లో ఆమె పసిపాప చనిపోయింది. పట్టపురాణి మీద నింద వేయడానికి తల్లే పాపను చంపిందని కథ. ఈ కథ వివరంగా కనిపించేది 1060లో పూర్తయిన కొత్త తాంగ్ చరిత్రలో, 1084 నాటి సిమా గువాంగ్ గ్రంథంలో. అంటే నాలుగు వందల ఏళ్ల తర్వాత. రాసినవాళ్లేమో ఆడది గద్దెక్కడమే అపచారం అనుకునే పండితులు. కానీ కామిక్‌లో ఏం చేస్తారు? ఉయ్యాల, రెండు చేతులు, కోర చూపు. అయిపోయింది. ఆ పిల్లవాడికి జీవితాంతం ఆమె హంతకురాలే.

కోటలపిచ్చి:
ఆ కామిక్స్‌లో మొదటి పుస్తకం అట్ట చూశారా ఎవరైనా? చిన్ షి హువాంగ్ వెనకాల చైనా గోడ ఇటుకలతో, బురుజులతో ఉందా? ఉంటే ఆ పుస్తకం నమ్మకండి. చిన్ కాలపు గోడ ఎక్కువగా దిమ్మిస కొట్టిన మట్టి, కొన్నిచోట్ల రాళ్లు. ఫొటోల్లో కనిపించే ఇటుక గోడ మింగ్ వంశానిది. ఆ బురుజుల్లో చాలావాటిని 16వ శతాబ్దంలో సేనాని చీ జిగువాంగ్ కట్టించాడు. మధ్యలో పదిహేడు వందల ఏళ్ల పైన తేడా ఉంది.

తంపినీస్_అమ్మ:
అట్ట మీద ఇటుకలే ఉన్నాయండి. అందుకని పుస్తకం మొత్తం అబద్ధమా?

కోటలపిచ్చి:
అట్ట మీదే తప్పుంటే లోపల ఎన్ని ఉంటాయో!

సివిల్స్_మూడోసారి:
మాస్టారు చెప్పింది నిజమే గానీ, మన బడి పుస్తకాల్లో చైనా ఎంత ఉందో కూడా చెప్పాలి. ఫాహియాన్ వచ్చాడు, హ్యుయాన్ త్సాంగ్ వచ్చాడు, ఆ తర్వాత ఏకంగా నల్లమందు యుద్ధం. మధ్యలో సోంగ్ వంశం లేదు, మింగ్ వంశం లేదు. వెయ్యేళ్లకు పైగా నడిచి 1905లో రద్దయిన వాళ్ల సివిల్స్ పరీక్ష గురించి నాకు కోచింగ్‌లో చేరాక గానీ తెలియలేదు. పక్కదేశం గురించి ఇంత అజ్ఞానం కన్నా కోర చూపు నయం కదా.

రిటైర్డ్_సోషల్:
ఏమీ తెలియనివాడు అడిగి తెలుసుకుంటాడు. తప్పు తెలిసినవాడు అడగడు.

బొమ్మలబాబాయి:
బొమ్మకు సందేహం తెలియదు అన్న మాట దగ్గర ఆగాను మాస్టారూ. నేను బొమ్మలు వేసి బతికేవాణ్ని. సందేహం వేయవచ్చు. ఒకే సంఘటన మూడు ప్యానెళ్లలో మూడు రకాలుగా వేసి, ప్రతిదాని కింద 'ఇది ఫలానావారి మాట' అని పెట్టవచ్చు. చెప్పుడు మాటల భాగం పెన్సిల్ గీతతో, ఖాయమైనది సిరాతో వేయవచ్చు. చైనాలోనే దీనికి పెద్ద సంప్రదాయం ఉంది, లియెన్‌హువాన్‌హువా అంటారు. అరచేతిలో పట్టే పుస్తకం, పేజీకి ఒక బొమ్మ, కింద నాలుగు వాక్యాలు. వీధి బడ్డీల్లో అద్దెకు తీసుకుని అక్కడే పీట మీద కూర్చుని చదివేవారు. 1950లలో షాంఘైలో మూడు రాజ్యాల కథను అరవై భాగాలుగా తెచ్చారు. ఆ గుర్రాల గీతలు చూస్తే ఇప్పటికీ నాకు అసూయ.

రిటైర్డ్_సోషల్:
మంచి ఉదాహరణ ఇచ్చారు, నా పక్షానికి. ఆ మూడు రాజ్యాల కథ చరిత్ర కాదు, పద్నాలుగో శతాబ్దపు నవల. ఆ కథలో వచ్చే త్సావ్ త్సావ్ అసలు గొప్ప పాలకుడు, కవి. నవల అతన్ని కపటిని చేసింది. అందులోని మంత్రి జూగె లియాంగ్ గడ్డిబొమ్మల పడవలతో శత్రువుల దగ్గర బాణాలు కాజేశాడన్నది కల్పన. మూడో శతాబ్దంలో చెన్ షౌ రాసిన చరిత్రలో అది లేదు. అరవై భాగాలు చదివిన తరానికి ఏది గుర్తుంటుంది? బాణాలే.

బొమ్మలబాబాయి:
బాణాలు గుర్తుండబట్టే కొందరు చెన్ షౌ దాకా వెళ్లారు. ఎవరూ నేరుగా చెన్ షౌతో మొదలుపెట్టరు.

తంపినీస్_అమ్మ:
మాస్టారూ, మీరంటే గౌరవమే. కానీ ఎనిమిదో తరగతిలో మా సోషల్ సార్ ఒక యుద్ధం సంవత్సరం చెప్పలేదని నన్ను పీరియడ్ అంతా బెంచీ ఎక్కించి నిలబెట్టారు. ఆ యుద్ధం ఎందుకు జరిగిందో ఆయన ఏనాడూ చెప్పలేదు. ఆ రోజు నుంచి చరిత్ర అంటే నాకు కాళ్ల నొప్పే. మా అబ్బాయికి ఆ నొప్పి లేకుండా వస్తోంది. మీకు అందులో తప్పులే కనిపిస్తున్నాయి.

ఊరకే_చదివేవాడిని:
మా సార్ గోడకుర్చీ వేయించేవారు. బెంచీ నయం.

రిటైర్డ్_సోషల్:
ఎవరో మాస్టారు చేసిన దానికి నేను జవాబుదారీ కాదు. వాదన అయిపోయినప్పుడు ప్రతివాళ్లూ చిన్నప్పటి దెబ్బలు బయటికి తీస్తారు. మీ కామిక్‌లో చక్రవర్తి పేజీకి ఎంత ఉన్నాడు, కూలివాడు ఎంత ఉన్నాడు, కొలిచి చెప్పండి. ఊరికే అడగడం లేదు.

కోటలపిచ్చి:
ఇటుక గోడ కట్టే కూలీలా, మట్టి గోడ కట్టే కూలీలా? మట్టి మోసేవాళ్లని వేసి ఉంటే గోడ సంగతి నేను వెనక్కి తీసుకుంటాను.

తంపినీస్_అమ్మ:
చక్రవర్తి నిలువెత్తున ఉన్నాడు. కూలీలు చీమల్లా ఉన్నారు. దూరం నుంచి చూస్తే అలాగే ఉంటారు కదా?

రిటైర్డ్_సోషల్:
చూశారా! దూరం నుంచి చూస్తున్నది ఎవరు? చక్రవర్తే. పాఠకుడిని తీసుకెళ్లి చక్రవర్తి పక్కన నిలబెట్టారు. మీ అబ్బాయికి చరిత్ర వస్తోందని మురిసిపోతున్నారు, వస్తున్నది రాజభక్తి.

తంపినీస్_అమ్మ:
మాటలు జాగ్రత్తండి. మా పిల్లాడిని చూడకుండా వాడికి ఏం వస్తోందో గుంటూరు నుంచి చెప్పేస్తారా? మీకు నచ్చనిది కామిక్ కాదు. మీరు లేకుండా ఒక పిల్లాడు చరిత్ర నేర్చుకోవడమే మీకు నచ్చడం లేదు.

నిర్వాహకుడు:
ఇద్దరూ ఒక్క గంట ఆగండి. వ్యక్తిగతంగా వెళితే థ్రెడ్ మూసేస్తాను.

సివిల్స్_మూడోసారి:
ఈ గ్యాప్‌లో ఒక మాట. మాస్టారు మూలగ్రంథాలను మరీ నెత్తిన పెట్టుకుంటున్నారు. తాంగ్ చక్రవర్తి తైజోంగ్ 626లో రాజధానిలో షువాన్‌వు ద్వారం దగ్గర అన్ననీ తమ్ముణ్నీ చంపి, తండ్రిని పక్కకు జరిపి గద్దెక్కాడు. తర్వాత ఆస్థాన చరిత్రకారులు తన గురించి ఏం రాశారో చూపించమని అడిగాడు. పాలిస్తున్న చక్రవర్తి అది చూడకూడదన్నది పద్ధతి. అయినా చూశాడు. ఆ కళ్ల ముందు నుంచి వచ్చిందే మనకు మిగిలింది. అక్కడా బొమ్మ గీసింది దర్బారే, సిరాతో రాసింది కాబట్టి చరిత్ర అంటున్నాం.

బొమ్మలబాబాయి:
హ్యుయాన్ త్సాంగ్ 645లో తిరిగొస్తే స్వాగతం చెప్పింది ఆ తైజోంగే. ఒకసారి ఆ యాత్ర మీద పిల్లల పుస్తకానికి బొమ్మలు వేశాను. ద్వారం దగ్గరి హత్యలు ఒక పేజీలో పెట్టాను, ఇంత ఆదరించిన రాజు ఎలాంటివాడో పిల్లలకు తెలియాలని. ప్రచురణకర్త ఆ పేజీ తీసేయించాడు. రాజు ముఖం ఇంకాస్త తెల్లగా, ఇంకాస్త దయగా ఉండాలన్నాడు. తీసేసిన పేజీకి డబ్బు ఇవ్వలేదు. బొమ్మకు సందేహం తెలియక కాదు మాస్టారూ, సందేహానికి ఎవరూ పేజీ ఇవ్వరు.

కోటలపిచ్చి:
హ్యుయాన్ త్సాంగ్ వచ్చిన మన ధాన్యకటకం వేశారా అందులో? స్తూపం ఎలా వేశారు?

బొమ్మలబాబాయి:
వేశాను. గోపురంలా కాదులెండి.

రిటైర్డ్_సోషల్:
గంట దాటింది, రాస్తున్నాను. అమ్మా, మీరన్న ఆ చివరి మాట నాకు గుచ్చుకుంది. నేను కంగారు పడటానికి కారణం చెబుతాను. నా మనవడు కాలిఫోర్నియాలో ఉన్నాడు, మీవాడి వయసే. మీరు చెప్పినటువంటి కామిక్ చదివి ఫోన్‌లో నాతో అన్నాడు: 'తాతయ్యా, ఆరు రాజ్యాలను ఒక్కటి చేయాలంటే చంపక తప్పదు. తూనికలు ఒక్కటయ్యాయి, లిపి ఒక్కటయింది, బండి ఇరుసులు ఒకే కొలతకు వచ్చాయి. లేకపోతే చైనాయే లేదు.' క్రీ.పూ. 213లో చిన్ షి హువాంగ్ పుస్తకాలు తగలబెట్టించిన సంగతి, మరుసటి ఏడు పండితులను పూడ్చిపెట్టించాడన్న సంగతి కూడా చదివాడు. దానికీ తలాడించాడు, ఖర్చు రాసుకున్నట్టు. వాడు చెడ్డ పిల్లవాడు కాదు. ఒక తప్పు తేదీ చెప్పి ఉంటే దిద్దేవాణ్ని. చెప్పినవన్నీ సరైనవే, నేను దిద్దడానికి ఏమీ లేదు. అదే నాకు భయం వేసింది.

ఊరకే_చదివేవాడిని:
ఇది మొదట్లోనే చెప్పి ఉంటే ఇటుకల దాకా వెళ్లేవాళ్లం కాదు.

తంపినీస్_అమ్మ:
మాస్టారూ, ఆ మాట కామిక్ నేర్పిందని ఎందుకు అనుకుంటున్నారు? మా అబ్బాయి స్నేహితుల ఇళ్లలో తాతలూ అదే అంటారు. మనమూ అంటాం. అలహాబాద్ స్తంభం మీద సముద్రగుప్తుడు ఓడించిన దక్షిణాది రాజుల జాబితా ఉంది. వేంగి హస్తివర్మ అందులో ఉన్నాడు. మన తెలుగు రాజే. ఆ పాఠం మాకు గుప్తుల వైభవం అనే చెప్పారు. హస్తివర్మ సైనికుల గురించి ఒక్కరూ ఒక్క మాట అనలేదు. మీరు చెప్పారా?

నా సంగతి కూడా చెబుతాను. మావాడు క్లాసులో పరాయివాడు. వాళ్ల పండగలకి, వాళ్ల సామెతలకి వీడు నవ్వలేడు. ఈ పుస్తకాలు చదివాక మొదటిసారి ఒక పిల్లాడి తాతయ్యతో గంటసేపు త్సావ్ త్సావ్ మంచివాడా చెడ్డవాడా అని వాదించి వచ్చాడు. వాడు న్యాయమూర్తి అవ్వాలని నేను ఇవ్వలేదండి. వాళ్ల మధ్య కూర్చోగలగాలని ఇచ్చాను. తీర్పు తర్వాత చెప్పుకుంటాడు.

రిటైర్డ్_సోషల్:
హస్తివర్మ సైనికుల గురించి నేనూ చెప్పలేదు. చెప్పడానికి ఆ స్తంభం మీద వాళ్లు లేరు. కానీ చిన్ కాలపు కూలీలు చరిత్రలో ఉన్నారు, అందుకే ఇంత పట్టు పడుతున్నాను. క్రీ.పూ. 209లో తొమ్మిది వందల మందిని సరిహద్దు కాపలాకు తోలుకెళుతుంటే దారిలో వాన పట్టుకుంది. గడువుకి చేరలేరు. ఆలస్యానికి శిక్ష మరణమని చరిత్రకారుడు సిమా చియెన్ రాశాడు. చెన్ షెంగ్ అనే పొలం కూలీ, ఊ గువాంగ్ అనే ఇంకొకడు లెక్క వేసుకున్నారు. పారిపోయినా చావే, తిరగబడినా చావే. తిరగబడ్డారు. చిన్ సామ్రాజ్యాన్ని కూల్చిన తిరుగుబాట్లలో అది మొదటిది. సిమా చియెన్ రెండు వేల ఏళ్ల క్రితమే ఆ కూలీకి ప్రభువంశాల వరసలో ఒక అధ్యాయం ఇచ్చాడు. ఆయనకు దొరికిన చోటు ఇప్పటి కామిక్ వాళ్లకు ఎందుకు దొరకదు? తీర్పు తర్వాత అంటున్నారు, మంచిదే. చక్రవర్తి పక్కన నిలబడి అలవాటైపోతే, తర్వాత ఈ వాన ఎవరికి గుర్తొస్తుంది?

తంపినీస్_అమ్మ:
మా పుస్తకంలో చెన్ షెంగ్ ఉన్నాడు. ఇప్పుడే చూశాను. సగం ప్యానెల్.

బొమ్మలబాబాయి:
వాన నుంచి మొదలుపెట్టి పుస్తకం వేయవచ్చు. బురద, ఆగిపోయిన జనం, వేళ్ల మీద రోజులు లెక్కపెట్టుకునే ఒకడు. డబ్బు పెట్టేవాళ్లుంటే రేపే కూర్చుంటాను. మింగ్ ఇటుకలు వేయనని ముందే మాట ఇస్తున్నాను.

సివిల్స్_మూడోసారి:
తెలుగులో వస్తే నేను రెండు కాపీలు.

రిటైర్డ్_సోషల్:
నేనూ కొంటాను. మనవడికీ పంపిస్తాను. చక్రవర్తి లోపల ఎన్ని పేజీల్లో ఉన్నా ఫర్వాలేదు. అట్ట మీద మాత్రం వద్దు.

తంపినీస్_అమ్మ:
అట్ట మీద లేకపోతే మావాడు చేతిలోకే తీసుకోడు మాస్టారూ.