యేసును నమ్ముతాను, చర్చికి వెళ్లను. ఇది చాలదా? మతం సమాజానికి అవసరమా?

పల్నాటి కోడలు:
నేను పుట్టుకతో క్రైస్తవురాలిని, గుంటూరు దగ్గర పల్లె మాది. రెండేళ్లుగా మందిరానికి వెళ్లడం మానేశాను. సంఘం కమిటీ ఎన్నికల్లో రెండు వర్గాలై కేసులు పెట్టుకున్నారు. పైకి ఆస్తుల గొడవ, లోపల మాల, మాదిగ గొడవే. ఆ నెలలోనే మా అమ్మ పోయింది. భూస్థాపన ఏ వర్గం పాస్టరు చేయాలని అమ్మ శవం దగ్గరే వాదులాడుకున్నారు. అప్పటినుంచి పొద్దున్నే లేచి ఇంట్లోనే బైబిల్ చదువుకుని ప్రార్థన చేసుకుంటున్నాను, మనసుకు నెమ్మదిగా ఉంది. మా అన్నయ్యేమో "నువ్వు అలిగింది మనుషుల మీద, మానేసింది దేవుడి ఇంటిని" అంటాడు. విశ్వాసం నాకూ దేవుడికీ మధ్యది అయినప్పుడు మతం అనే ఈ వ్యవస్థ అంతా ఎందుకు?

సూటిమాట:
మీరు చేస్తున్నదే సరైన పని అండీ. నేను దేవుణ్ణి నమ్మను, అయినా మీ ప్రార్థనతో నాకు పేచీ లేదు. పేచీ అంతా అది గుంపు కట్టినప్పుడే. గుంపు కట్టగానే పెద్దలు, డబ్బు, పదవులు, మా వాళ్లు, మీ వాళ్లు అన్నీ వస్తాయి, ఏ మతమైనా అంతే. మిషనరీలు బడులు, ఆసుపత్రులు కట్టారంటారు. నిజమే, కట్టారు, ఇప్పుడది ప్రభుత్వం పని. పైగా కరువులో గింజలు పెట్టి మతంలో కలుపుకున్నారన్న మాట కూడా ఉంది కదా.

ఒంగోలు మాస్టారు:
బాబూ, ఆ చివరి మాటకు జవాబు చెప్పాలి, అది మా ఊరి చరిత్ర. 1876-78 కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి ఇప్పించాడు. ఆ పని నడిచినన్నాళ్లూ ఎంతమంది అడిగినా బాప్తిస్మం ఇవ్వలేదు, కూటి కోసం వచ్చారనే మాట పడకూడదని. సాయం ఆగాకే, 1878 జులై 3న, గుండ్లకమ్మ దగ్గర వెల్లంపల్లిలో ఒక్కరోజే 2,222 మంది తీసుకున్నారు. అసలు ఆ కదలిక దొరతో మొదలవలేదు. తాళ్లకొండపాడు మాదిగ యర్రగుంట్ల పేరయ్య తోళ్ల బేరానికి ఊళ్లు తిరుగుతూ క్రీస్తు మాట విన్నాడు, 1866లో దొర ఒంగోలులో కాపురం పెట్టేలోపే తన వాళ్లకు చెప్పుకుంటున్నాడు. తర్వాత పై కులాల వాళ్లు కొందరు వచ్చి, మాదిగలను చేర్చుకుంటే మేం రామన్నారు. దొరా దొరసానీ మాదిగలనే ఎంచుకున్నారు. పేరయ్య తన నమ్మకాన్ని ఇంట్లోనే పెట్టుకుని ఉంటే మా తాత సంతకం నేర్చుకునేవాడు కాదు.

లాభం సంగతి కూడా చెబుతాను. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం దళితుడు క్రైస్తవుడైతే ఎస్సీ హోదా పోతుంది. సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో ఇచ్చారు, మాకు ఇవ్వలేదు. ఇక్కడ క్రైస్తవులైన దళితులకు వెనకబడిన తరగతుల కింద, బీసీ-సిలో ఒక్క శాతం రిజర్వేషన్, అంతే. లాభం చూసుకునేవాడు ఈ దారిన రాడు.

సూటిమాట:
క్లౌ సంగతి నాకు తెలియదు. గింజల మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ మాస్టారూ, మాదిగలనే ఎంచుకున్న ఆ సంఘంలో ఇన్నేళ్లకి మాల చర్చి, మాదిగ చర్చి, రెడ్డి క్రైస్తవులు, కమ్మ క్రైస్తవులు ఎలా వచ్చారు? ఈమె తల్లి శవం దగ్గర జరిగినదానికి ఏం చెబుతారు?

ఒంగోలు మాస్టారు:
చెప్పడానికేమీ లేదు బాబూ. మా పెద్దమ్మాయికి సంబంధం చూసేటప్పుడు నేనూ కులం అడిగాను.

నైట్ డ్యూటీ:
నేను నర్సుని. మాస్టారు చెప్పింది విని కళ్లు చెమ్మగిల్లాయి, కానీ ఒక మాట నాకు నచ్చడం లేదు. గుంటూరుకు అమెరికా మిషనరీ డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో వచ్చి, 1898లో ఆడవాళ్ల ఆసుపత్రి తెరిచి, 1930లో ఇక్కడే కన్నుమూశారు. ఆమె అంటే నాకు ప్రాణం. అయినా ఆసుపత్రులు లెక్కపెట్టి నేను యేసును నమ్మడం లేదు. మేలు చేసింది కాబట్టే మతం కావాలంటే, మేలు ఆగిన రోజు దేవుణ్ణి వదిలేయాలా? మతం సమాజానికి పనికొచ్చిందా అన్నది వేరే ప్రశ్న, అది నిజమా కాదా అన్నది వేరే ప్రశ్న. కోడలు సిస్టర్, మీరు మందిరానికి వెళ్లినా వెళ్లకపోయినా ఆయన మిమ్మల్ని వదలడు. కాకపోతే కరోనాలో నేను పద్నాలుగు రోజులు గదిలో పడి ఉన్నప్పుడు, సొంత చుట్టాలే గుమ్మం తొక్కనప్పుడు, మా స్త్రీల సమాజం అక్కలు రోజూ క్యారేజీ తెచ్చి తలుపు దగ్గర పెట్టి, కిటికీ బయట నిలబడి పాట పాడి వెళ్లేవాళ్లు. మాతో పాటు పక్కింటి హిందువులకీ తెచ్చారు. ఒంటరి ప్రార్థనకి ఆ రోజుల్లో నాలో ఓపిక లేదు, వాళ్లే నా బదులు చేశారు.

పల్నాటి కోడలు:
అందరివీ రెండుసార్లు చదివాను. మా అమ్మకి చదువు రాదు. ఇరవై మూడో కీర్తన అక్షరం తప్పకుండా చెప్పేది, మందిరంలో ఆడవాళ్లకు వాక్యం చెప్పే బైబిల్ స్త్రీ నేర్పిందట. నాకు అమ్మ నేర్పింది. పొద్దున్నే నేను ఒంటరిగా చెప్పుకునేది అదే. ఇది కాదనలేను. కానీ ఆ కమిటీ ఉన్న చోటికి మాత్రం వెళ్లను, అమ్మ ముఖం గుర్తొస్తుంది. బుధవారం కూడిక మా వీధిలో ఒకరింట్లో జరుగుతుంది, రెండు కులాల ఆడవాళ్లూ వస్తారని విన్నాను. ఈ వారం వెళతాను.

మాస్టారూ, మీకు ఇంకో అమ్మాయి ఉంటే, ఆ పిల్ల సంబంధానికైనా కులం అడగకండి.