ఆల్బమ్ డ్రమ్స్ రికార్డింగ్: స్టూడియోనా, భీమిలిలో పాత ఇల్లా?

ఉప్పుగాలి:
మాది నలుగురి బ్యాండు, వైజాగే. అక్కయ్యపాలెంలో మా డ్రమ్మర్ వాళ్ల మేడ మీద గదిలో రెండేళ్లుగా వాయిస్తున్నాం. హార్డ్ రాక్, పాటలు తెలుగులోనే. ఏడు పాటలు రెడీ (నిజానికి ఆరున్నర, ఒకదానికి రెండో చరణం ఇంకా రాలేదు). ఆల్బమ్ చేద్దామని పోయిన నెల ఊళ్లోనే ఒక స్టూడియోకి వెళ్లాం. అది డబ్బింగుల కోసం కట్టుకున్న గది, గోడల నిండా ఫోమ్. ఒక్కొక్కరూ విడివిడిగా, చెవిలో క్లిక్ (లయ తప్పకుండా వినిపించే టిక్‌టిక్) పెట్టుకుని వాయించండి అన్నారు, వాయించాం. ఇంటికొచ్చి వింటే డ్రమ్స్ అట్టపెట్టె మీద కొట్టినట్టున్నాయి, గిటార్‌ది ఒక దారి, బేస్‌ది ఒక దారి. గంటల లెక్కన డబ్బు మాత్రం బాగానే వదిలింది.

మా బేసిస్టు పిన్ని వాళ్ల పాత పెంకుటిల్లు భీమిలిలో ఖాళీగా ఉంది, పెద్ద హాలు, పది రోజులు వాడుకోమంది. మా దగ్గర ఎనిమిది ఇన్‌పుట్ల ఇంటర్‌ఫేస్ (మైకుల్ని ల్యాప్‌టాప్‌కి కలిపే పెట్టె) ఒకటి, మైకులు ఆరు ఉన్నాయి. అక్కడ అందరం కలిసి వాయించి రికార్డ్ చేసుకోవడం పిచ్చిపనా?

పాతటేపు:
పిచ్చిపని ఏముంది గురూ, డీప్ పర్పుల్ అనే ఇంగ్లిష్ రాక్ బ్యాండు వాళ్ల మెషీన్ హెడ్ ఆల్బమ్ ఇంతకన్నా పెద్ద అవస్థలోంచి వచ్చింది. 1971 డిసెంబరులో స్విట్జర్లాండ్‌లోని మాంట్రూ ఊరి కాసినోలో రికార్డ్ చేద్దామని రోలింగ్ స్టోన్స్ వాళ్ల మొబైల్ స్టూడియో, అంటే సామానంతా బిగించిన లారీ, అద్దెకు తీసుకుని దిగారు. పని మొదలుపెట్టకముందే అక్కడ ఫ్రాంక్ జప్పా కచేరీ జరుగుతుంటే జనంలోంచి ఎవడో ఫ్లేర్ గన్ (నిప్పురవ్వలు చిమ్మే తుపాకీ) పేల్చాడు, కాసినో మొత్తం తగలబడిపోయింది. ఇంకో థియేటర్‌కి మారితే రాత్రిపూట ఆ మోతకి ఊరివాళ్లు గొడవ పెట్టారు, పోలీసులొచ్చి తలుపులు బాదేలోపు ఒక్క ట్రాక్ పట్టుకుని బయటపడ్డారు. చివరికి చలికాలానికి మూసేసిన గ్రాండ్ హోటల్ కారిడార్లో పరుపులు అడ్డం పెట్టుకుని మిగతావి వాయించారు.

నాకు ఇందులో పరుపులకన్నా ఇంకోటి నచ్చుతుంది. టేక్ (ఒకసారి వాయించి రికార్డ్ చేసింది) ఎలా వచ్చిందో వినాలంటే గదుల్లోంచి, బాల్కనీల మీదుగా చుట్టూ తిరిగి లారీ దాకా వెళ్లాలి. విసుగొచ్చి వెళ్లడమే మానేశారు, బాగా వచ్చిందని తమకే అనిపించేదాకా వాయించడం, అంతే. మూడు వారాల్లోపే పని అయిపోయింది. మీరైతే ప్రతి టేక్‌కీ ల్యాప్‌టాప్ చుట్టూ మూగుతారు, పందెం. దాన్ని పక్కగదిలో పెట్టండి.

గాజువాక బేసు:
కథ బాగుంది అన్నా, కానీ వాళ్ల లారీలో మార్టిన్ బర్చ్ లాంటి సౌండ్ ఇంజినీర్ కూర్చున్నాడు. వీళ్ల లారీలో ఎవరున్నారు?

నేను చెడగొట్టుకున్నవాణ్ణే కాబట్టి చెప్తున్నా తమ్ముడూ. మేమూ ఇలాగే ఒక పాత ఇంట్లో రెండు రోజులు వాయించాం, మిక్సింగ్‌కి కూర్చుంటే అన్ని ట్రాకుల్లోనూ గుయ్ఁ మని హమ్. ఆ ఇంటికి సరైన ఎర్తింగ్ లేదు. ముందు ఒక ఎలక్ట్రీషియన్‌ని తీసుకెళ్లి చూపించు, ఆంప్ (ఆంప్లిఫయర్), ఇంటర్‌ఫేస్, ల్యాప్‌టాప్ అన్నీ ఒకే ప్లగ్గు నుంచి ఇవ్వు. మూడో పిన్ను పీకేస్తే హమ్ పోతుందని ఎవడైనా చెప్తే వినకు, మైకు పెదవికి తగిలినప్పుడు తెలుస్తుంది.

ఆరు మైకులు చాలు. డ్రమ్స్‌కి నాలుగు: కిక్‌కి (కాలితో కొట్టే పెద్ద డ్రమ్ము) ఒకటి, స్నేర్‌కి (ఎదురుగా ఉండే చిన్న డ్రమ్ము) దగ్గరగా ఒకటి, స్నేర్‌కి బాగా ఎత్తులో పైన ఒకటి, ఫ్లోర్ టామ్ (నేలమీద నిలబెట్టే డ్రమ్ము) పక్కన ఒకటి. పైదీ పక్కదీ స్నేర్ నడిబొడ్డు నుంచి సమానదూరంలో ఉండాలి. ఒక దారం తీసుకుని ఒక కొస స్నేర్ మీద వేలితో అదిమిపట్టి రెండు మైకులకీ కొలువు, బెత్తెడు తేడా వచ్చినా స్నేర్ పలచబడిపోతుంది. గిటార్ ఆంప్ వేరే గదిలో పెట్టి తలుపు వేసి ఒక మైకు, బేస్ మైకు లేకుండా నేరుగా ఇంటర్‌ఫేస్‌లోకి. మిగిలింది పాటగాడికి, ఆ పాట ఎలాగూ తర్వాత మళ్లీ పాడాలి. క్లిక్ డ్రమ్మర్ చెవిలో మాత్రమే.

ఇంకోమాట, సముద్రం పక్కన తీగలకి తుప్పు ఇట్టే పడుతుంది. రెండు సెట్లు ఎక్కువ కొనుక్కో.

మేడమెట్లు:
ఆ ఇంట్లో మెట్లున్నాయా? లెడ్ జెప్పెలిన్ బ్యాండు నాలుగో ఆల్బమ్‌లో చివరి పాట డ్రమ్స్ హెడ్లీ గ్రేంజ్ అనే పాత బంగళాలో మెట్ల అడుగున హాల్లో పెట్టి, ఇంజినీర్ ఆండీ జాన్స్ పైనుంచి రెండే మైకులు వేలాడదీసి పట్టాడు. అందుకే ఆ బరువు.

ఉప్పుగాలి:
పెంకుటింట్లో మేడ మెట్లెక్కడివి అన్నా 😀 అటక నిచ్చెన ఉంది.

ఆదివారం వెళ్లి చూసొచ్చాం. హాల్లో నడిమధ్య నిలబడి చప్పట్లు కొడితే గోడకి గోడకి టంగుటంగున కొట్టుకుంటోంది, వంటింటి గుమ్మం దగ్గరికి జరిగితే మాత్రం హాయిగా ఉంది. డ్రమ్స్ అక్కడే. ఎర్తింగ్ మీరన్నట్టే లేదు, ఎలక్ట్రీషియన్ గురువారం వస్తానన్నాడు. పక్కింటి పెద్దాయన మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా పడుకుంటారట, ఆ మూడు గంటలు మాకూ భోజనాలే. పరుపులు పిన్ని ఇస్తానంది, కాకపోతే బూరుగుదూదివి, ఎండబెట్టి వెనక్కి ఇవ్వాలట.

చరణం ఇంకా రాలేదు.