పాటలు కట్టే ఎఫ్ఎల్ స్టూడియో సాఫ్ట్‌వేర్‌లో ఒక్క డప్పు క్లిప్ మారిస్తే కాపీలన్నీ మారుతున్నాయి, విడదీయడం ఎలా?

అంబాజీపేట కుర్రాడు:
నమస్కారం అండి. కనుమ నాడు మా కోనసీమలో జగ్గన్నతోట ప్రభల తీర్థంలో (దేవుడి ప్రభలను భుజాల మీద మోసుకొచ్చే జాతర) డప్పు వాయించేవాళ్లని అడిగి, వాళ్ల వాయింపు రికార్డు చేసుకున్నాను. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, స్టీరియో. గంగలకుర్రు ప్రభలు కౌశిక కాలవ దాటేటప్పటి వాయింపైతే ఇప్పుడు విన్నా ఒళ్లు జలదరిస్తుంది. అందులోంచి నాలుగు సెకన్ల ముక్క కోసి, మా ఊరి అమ్మవారి జాతర పాట కోసం షిఫ్ట్ పట్టుకుని లాగుతూ ప్లేలిస్టు (ముక్కల్ని వరసగా పేర్చే చోటు) పొడుగునా పరిచాను.

రెండో చరణం ముందు ఒక్కచోట ఆ ముక్క రివర్స్‌లో రావాలి. అక్కడ రివర్స్ నొక్కితే పాటంతా తిరగబడుతోంది. విడిగా కాపీలు చేస్తే డిస్కు నిండిపోతుందేమోనని టెన్షన్. మిక్సింగ్ భీమవరంలో ఒక అన్న చేస్తారు, ఆయనకి ఏం పంపాలి?

పాలకొల్లు మిక్సింగ్:
తమ్ముడూ, ప్లేలిస్టులో నువ్వు పరిచినవన్నీ ఒకే ఛానల్‌ని చూపించే క్లిప్పులు. రివర్స్, పిచ్, స్ట్రెచ్ ఆ ఛానల్ సెట్టింగ్స్‌లో ఉంటాయి కాబట్టి అన్నిటికీ తగులుతాయి. కోయడం, జరపడం మాత్రం ఆ ఒక్క క్లిప్పుకే.

నీకు కావలసిన క్లిప్ ఎడమ పై మూలన చిన్న గుర్తు ఉంటుంది. అది నొక్కితే వచ్చే మెనూలో 'మేక్ యూనిక్' ఉంది. దానికి వేరే ఛానల్ పుడుతుంది, ఇక రివర్స్ అక్కడితోనే ఆగుతుంది. వేవ్ ఫైలు, అంటే అసలు ఆడియో, మాత్రం పాతదే, డిస్కు మీద భారం లేదు. దాని కిందే ఉన్న 'మేక్ యూనిక్ యాజ్ శాంపుల్' అయితే కొత్త వేవ్ ఫైలు రాస్తుంది. దానికీ భయపడకు. నీ రికార్డింగ్ నిమిషానికి 17 ఎంబీ చొప్పున పడుతుంది, నాలుగు సెకన్ల ముక్క ఒక ఎంబీ పైచిలుకు, అంతే.

భీమవరం అన్నకి ఉత్త ప్రాజెక్ట్ ఫైలు పంపితే డప్పు వినపడదు, ఆడియో అందులో ఉండదు కాబట్టి. ఎక్స్‌పోర్ట్‌లో 'జిప్డ్ లూప్ ప్యాకేజ్' చేసి పంపు.

రాజోలు రీపర్:
నేను రీపర్ అనే ఇలాంటి సాఫ్ట్‌వేరే వాడతాను. అందులో కంట్రోల్ పట్టుకుని లాగిన ఆడియో కాపీలు మొదటి నుంచీ దేనికది విడి, ఒకదాన్ని రివర్స్ చేస్తే మిగతావి కదలవు. ఫైలు మాత్రం అక్కడా ఒక్కటే. జాగ్రత్త పడాల్సింది 'క్లీన్ కరెంట్ ప్రాజెక్ట్ డైరెక్టరీ' దగ్గర. ఈ పాటలో వాడని ఫైళ్లని చెరిపేయమని చూపిస్తుంది. అదే ఫోల్డర్లోని వేవ్‌ని ఇంకో పాటలో వాడి ఉంటే, ఆ పాట గల్లంతవుతుంది.

అంబాజీపేట కుర్రాడు:
మేక్ యూనిక్ పనిచేసిందన్నా, చాలా థాంక్స్. ఇంకొకటి. అదే దళం ఓ గంట తర్వాత వాయించిన ముక్క పక్కన పెడితే డప్పు శ్రుతి దిగినట్టు వినిపిస్తోంది. సాఫ్ట్‌వేర్ వల్లనా?

ముమ్మిడివరం డప్పు:
కాదు బాబూ. మా ఇంట్లో డప్పు వాయిస్తారు కాబట్టి చెబుతున్నాను. మంట మీద కాచినప్పుడు తోలు బిగిసి గణగణమంటుంది. పుష్యమాసం చలికి, కాలవగట్టు తేమకి తొందరగానే వదులైపోతుంది, మళ్లీ కాచుకోవాలి. నువ్వు కోసిన రెండో ముక్క వదులైన డప్పుది.

దాన్ని మేక్ యూనిక్ చేసి పిచ్ (శ్రుతి) కొంచెం పైకి లేపు. ఎన్ని సెంట్లనేది (సెంటంటే అరస్వరంలో నూరో వంతు) చెవికే వదిలెయ్. కానీ రీశాంపుల్ మోడ్‌లో పిచ్ పెంచితే క్లిప్ కుదించుకుపోతుంది. నాలుగు సెకన్ల దాన్ని 50 సెంట్లు లేపితే సెకనులో పదో వంతుకి పైగా తగ్గి తాళం తప్పుతుంది. నిడివి మారని స్ట్రెచ్ మోడ్ పెట్టుకో.

నువ్వు అడగకపోయినా ఒక మాట. నీ ముక్కలో జనం 'అశ్శరభ శరభ' అనే కేక పడి ఉంటే, ప్రతి నాలుగు సెకన్లకీ అదే గొంతు, అదే కేక వస్తుంది. మొదటిసారి వినేవాడికి కూడా అతికించిందని తెలిసిపోతుంది. డప్పు వాయించే లావు కర్ర చిర్ర దెబ్బ, సన్న పుల్ల సిటికెన పుల్ల దెబ్బ రెండు సార్లు ఒకేలా పడవు, డప్పుకి ప్రాణం అక్కడే ఉంది. కనీసం నాలుగైదు చోట్ల నుంచి కేక లేని ముక్కలు ఏరుకో. చరణంలో మార్చి మార్చి వేసి, నువ్వు మెచ్చిన ఆ ముక్కని పల్లవి ఎత్తుకునే చోటికే ఉంచు. వాయించినవాళ్ల పేర్లు కూడా పాట కింద వెయ్యి బాబూ.