వేదాల్లో యేసును వెతుక్కుంటూ వెళ్లి చర్చి వదిలేశాను

గుండ్లకమ్మ_గట్టు:
మాది ప్రకాశం జిల్లా. ఐదు తరాలుగా బాప్టిస్టులం. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర మిషన్‌లో ఒక్క రోజే 2,222 మంది గుండ్లకమ్మలో బాప్తిస్మం తీసుకున్నారు కదా, వాళ్లలో మా ముత్తాత తండ్రి కూడా ఉన్నాడని ఇంట్లో చెప్పేవాళ్లు.

ఆరేళ్ల కిందట మా ఊళ్లో మూడు రాత్రులు ఉజ్జీవ సభలు జరిగాయి. బోధకుడు ఋగ్వేదంలోని పురుషసూక్తం ఎత్తుకున్నాడు. 'అబధ్నన్ పురుషం పశుమ్', అంటే పురుషుణ్ణి పశువుగా కట్టారు అన్నది, యేసును సిలువకు కట్టడమే అన్నాడు. వేదాల్లో సృష్టికర్త ప్రజాపతి యజ్ఞం అంటే కల్వరి యజ్ఞమే అన్నాడు. ఆ రాత్రి సంతోషంతో నాకు నిద్ర పట్టలేదు. ఆఫీసులో 'మీది దొరల మతం' అనేవాళ్లకు ఇన్నాళ్లకు జవాబు దొరికిందనుకున్నాను.

ఒంగోలులో తెలుగు తాత్పర్యం ఉన్న పుస్తకం కొని కూర్చున్నాను. యజ్ఞం ఉంది, పురుషుణ్ణి కట్టడమూ ఉంది. కానీ ఆ పురుషుడికి వెయ్యి తలలు. ఆయన నుంచి గుర్రాలు, ఆవులు, చంద్రుడు, సూర్యుడు పుట్టారు. పాప క్షమాపణ మాటే లేదు. మధ్యలో ఇంకో మంత్రం ఉంది. నోటి నుంచి బ్రాహ్మణుడు, పాదాల నుంచి శూద్రుడు. బోధకుడు దాని ముందు మంత్రాలూ చదివాడు, తర్వాతవీ చదివాడు. ఇది మాత్రం వదిలేశాడు. మా పేటలో నిలబడి ఎలా చదువుతాడు?

'సర్వ పాప పరిహారో రక్త ప్రోక్షణ మవశ్యం' అని ఇంకొకటి కూడా నోట్‌బుక్‌లో రాయించాడు. సంస్కృతం చెప్పే ఒక మాస్టారుకి చూపిస్తే, ఇది వేదభాష కాదు, ఎవరో ఈమధ్య కూర్చింది అన్నారు. పాస్టర్‌గారిని అడిగితే ప్రశ్న సాతాను పెడతాడన్నారు. నెమ్మదిగా ఆరాధనకు వెళ్లడం మానేశాను. మూడేళ్ల కిందట సభ్యుల పట్టీలోంచి పేరు తీయించుకున్నాను. ఇలా బయటికి వచ్చినవాళ్లు ఇంకా ఎవరైనా ఉన్నారా?

కృపాలయం:
మీ కోసం ప్రార్థన చేస్తున్నాను బ్రదర్.

ధర్మపథికుడు:
సొంత ఇంటికి స్వాగతం సోదరా. మీరు ఒక వైపే చూశారు. యేసే మన దగ్గరికి వచ్చి నేర్చుకున్నాడు. 1894లో నొటోవిచ్ అనే రష్యన్ రచయిత లద్దాఖ్‌లోని హెమిస్ బౌద్ధ మఠంలో 'ఇస్సా', అంటే యేసు, చరిత్ర గ్రంథం చూశానని పుస్తకం రాశాడు. పన్నెండో ఏటి తర్వాత ముప్పై దాకా యేసు ఏమయ్యాడో బైబిల్లో ఎక్కడుంది? 1922లో రామకృష్ణ సంప్రదాయానికి చెందిన అభేదానంద స్వామి కూడా హెమిస్ వెళ్లి ఆ గ్రంథం చూశానన్నారు. భవిష్య పురాణంలో శాలివాహనుడు ఈశపుత్రుణ్ణి, అంటే యేసునే, కలిసిన ఘట్టం ఉంది. క్రీస్తు, కృష్ణ అన్న పేర్లు చూడండి.

మూలపాఠం:
ధర్మపథికుడు గారూ, ఒక్కొక్కటిగా చూద్దాం.

క్రిస్తోస్ గ్రీకు మాట. అభిషేకం పొందినవాడు అని అర్థం, హీబ్రూ 'మషీయఖ్'కి అనువాదం. కృష్ణ అంటే నల్లనివాడు. చెవికి దగ్గరగా వినపడటం తప్ప సంబంధం లేదు. నొటోవిచ్ పుస్తకం వచ్చిన మరుసటి ఏడే ఆగ్రా నుంచి డగ్లస్ అనే ఆచార్యుడు హెమిస్ వెళ్లాడు. అలాంటి గ్రంథం తమ దగ్గర లేదని ప్రధాన లామా చెప్పాడు. అంతకుముందే సంస్కృత పండితుడు మాక్స్ ముల్లర్ కూడా ఆ కథను తప్పుపట్టాడు. భవిష్య పురాణంలో ఆ భాగం చాలా ఆలస్యంగా చేర్చిందని పండితులే అంటారు.

గుండ్లకమ్మ గారికి కూడా ఒక మాట. ప్రజాపతే క్రీస్తు అన్నది మీ ఊరి బోధకుడి సొంత ఆలోచన కాదు. బెంగాల్‌లో కృష్ణమోహన్ బెనర్జీ 1875లోనే దీని మీద పుస్తకం రాశారు. మన తెలుగు బైబిల్లో యాజకుడు, బలి, ప్రాయశ్చిత్తం, కృప, ఆత్మ అన్నీ ఇక్కడి మాటలే. అనువదించినవాళ్లు ఉన్న మాటల్నే వాడుకున్నారు. వెనక్కి తిరిగి చూసేసరికి రెండు గ్రంథాలూ ఒకటే అనిపిస్తుంది. పోలిక భాషలో ఉంది.

ధర్మపథికుడు:
డగ్లస్ కూడా ఆంగ్లేయుడే కదా. అతనికి లామా నిజం ఎందుకు చెబుతాడు? అభేదానంద స్వామి అబద్ధం ఆడారంటారా? దీనికి సూటిగా చెప్పండి.

మూలపాఠం:
అబద్ధం అనలేదు. ఆ గ్రంథాన్ని బయట పండితులెవరూ చదవలేదు, పరీక్షించలేదు. అంతే అంటున్నాను.

ధర్మపథికుడు:
చదవలేదంటే లేదని కాదు.

సువార్త_టీచర్:
రెండు రోజులుగా చదువుతున్నాను. ఒకరు లద్దాఖ్‌లో ఉన్నారు, ఒకరు గ్రీకులో ఉన్నారు. ఆ అబ్బాయి రాసింది మా పేట సంగతి. దాన్ని ఎవరూ పట్టించుకోవట్లేదు.

నాయనా, నేను రిటైరైన స్కూల్ టీచర్‌ని, బాప్టిస్టునే. నీ బోధకుడు తప్పు చెప్పాడు, ఒప్పుకుంటాను. మా సంఘంలో అయితే ఆయన్ని మళ్లీ పిలవనిచ్చేదాన్ని కాదు. కానీ మా అమ్మమ్మ బల్ల మీద కూర్చుని పలక పట్టింది మిషన్ బడిలో. అంతకుముందు మా ఇంట్లో ఎవరికీ అక్షరం ముక్క రాదు. పురుషసూక్తం తప్పు చెప్పారని ఆ బల్ల అబద్ధమైపోతుందా?

గుండ్లకమ్మ_గట్టు:
టీచరమ్మా, బల్ల అబద్ధం అనలేదు. బల్ల ఇచ్చారు కాబట్టి చెప్పినదల్లా నమ్మాలా అని అడుగుతున్నాను. పైగా పేటలో అంతకుముందు చీకటే అన్న మాట కూడా నేను ఇప్పుడు నమ్మను. ఎర్రగుంట్ల పేరయ్య గురించి చిన్నప్పటి నుంచి వింటున్నాం. తాళ్లకొండపాడు మనిషి, మాదిగల్లో మొదట 1866లో బాప్తిస్మం తీసుకుని ఊళ్లు ఊళ్లు కదిలించినవాడు. క్రీస్తు మాట వినకముందే ఆయన రాజయోగం ఉపదేశం పొందాడు. సండే స్కూల్లో ఆ సంగతి మాకు ఎవరూ చెప్పలేదు. రెండు మతాలకూ నిజమైన సంబంధం ఏదైనా ఉంటే అది వేదంలో కాదు, తోలు కుట్టుకుంటూ దేవుడి గురించి అడిగిన ఆ పేరయ్యలో ఉంది. ఆయన్ని సగం దాచి, లేని శ్లోకం నా చేత రాయించారు.

మూలపాఠం:
పేరయ్య సంగతి సరైనదే. క్లౌ గారి భార్య రాసిన పుస్తకంలో ఉంది.

ఊరిబావి:
ధర్మపథికుడు గారు 'సొంత ఇల్లు' అన్నారు. ఏ గది ఇస్తారు? ఇంటికి వచ్చినవాడికి కులం ముందే రాసిపెట్టి ఉంటుంది. 2015లో సుప్రీంకోర్టు చెప్పింది కూడా అదే. మళ్లీ హిందువైన మనిషికి ఎస్సీ హోదా కావాలంటే పూర్వీకుల కులం రుజువు చేయాలి, తిరిగి మారినట్టు చూపాలి, ఆ కులం వాళ్లు ఒప్పుకోవాలి. గుండ్లకమ్మ గారూ, మీరు సర్టిఫికెట్ కోసం బయటికి రాలేదు కదా? అడుగుతున్నందుకు ఏమనుకోకండి.

గుండ్లకమ్మ_గట్టు:
అనుకుంటాను. నాకు ప్రైవేటు ఉద్యోగం. ఏ సర్టిఫికెటూ అడగలేదు. ఎవరు బయటికి వచ్చినా మొదటి ప్రశ్న ఇదేనా?

సువార్త_టీచర్:
ఆ ప్రశ్న అడగాల్సిందే. నీకు కోపం వచ్చినా సరే.

1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులో హిందువులకే ఎస్సీ హోదా. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఇచ్చారు. మాకు ఇవ్వలేదు. ఎస్సీల నుంచి క్రైస్తవులైతే మన రాష్ట్రంలో బీసీ-సి, ఒక్క శాతం. మా పేటలో ఆదివారం చర్చి నిండిపోతుంది. కాగితాల మీద అందరూ హిందువులే. వాళ్లను నేను తప్పు పట్టను, పిల్లలున్నారు. నేను మాత్రం డిగ్రీ అయ్యాక ఫారంలో 'క్రైస్తవురాలు' అని రాశాను. క్లర్కు రెండుసార్లు అడిగాడు, 'ఆలోచించుకో అమ్మా' అని. అదే రాశాను. నాతో చదివిన అమ్మాయికి ఆ ఏడే పోస్టింగ్ వచ్చింది. నాకు తొమ్మిదేళ్లు పట్టింది. మా నాన్న పోయింది ఆ తొమ్మిదేళ్లలోనే, సరైన వైద్యానికి డబ్బు లేక.

ఒక పేరు చెప్పుకోవడానికి నేను అంత ఇచ్చుకున్నాను. నువ్వు ఒక మంత్రం కుదరలేదని పట్టీలో పేరు కొట్టించుకుని వచ్చావు. నాకు నొప్పి అక్కడ.

గుండ్లకమ్మ_గట్టు:
మీరు ఇచ్చుకున్నది పెద్దదే. కానీ మీరు కష్టపడ్డారని నేను లోపల ఉండాలా? నేను ఏమీ పోగొట్టుకోలేదని మీకెలా తెలుసు?

ధర్మపథికుడు:
చూశారా, ప్రశ్నించినవాణ్ణి ఎలా నిలదీస్తున్నారో. అందుకే రమ్మంటున్నాను. ఊరిబావి గారు గది అడిగారు. మా ఊరి రామాలయం కమిటీలో ఇప్పుడు ఒక మాదిగ కుర్రాడు ఉన్నాడు. పేరు ప్రతిపాదించింది నేనే. మా చుట్టాల్లో మూడిళ్ల వాళ్లు నాతో మాటలు మానేశారు. ఈ ముక్క ఇక్కడ చెప్పాలనుకోలేదు, మీరు చెప్పించారు.

ఊరిబావి:
మీరు చేసింది మంచి పని. కానీ ఒక కుర్రాడి పేరు పెట్టినందుకు మూడిళ్లు తెగిపోయాయంటే ఆ ఇల్లు ఎలాంటిదో మీరే చెప్పినట్టయింది.

నిర్వాహకుడు:
తర్వాత వచ్చిన రెండు పోస్టుల్లో కులం పేరుతో తిట్లు ఉన్నాయి. తీసేశాను. మళ్లీ జరిగితే చర్చ మూసేస్తాను.

గుండ్లకమ్మ_గట్టు:
టీచరమ్మా, మొదటి పోస్టులో ఒక సంగతి రాయలేదు. ఇప్పుడు రాస్తాను.

పేరు తీయించుకున్న ఏడాదికి మా అమ్మ పోయింది. ఆమె చివరి దాకా సభ్యురాలు. చందా ఒక్క నెల బాకీ లేదు. పెట్టె తెచ్చాం, గొయ్యి తవ్వడానికి మనుషులు సమాధుల తోటకు వెళ్లారు. కమిటీవాళ్లు గేటు దగ్గర ఆపారు. కొడుకు పశ్చాత్తాపం రాసిస్తేనే అన్నారు. మే నెల. ఐసు కరుగుతోంది, పెట్టె కింద నీళ్లు కారుతున్నాయి. తెల్లకాగితం మీద వాళ్లు చెప్పినట్టు రాశాను. 'తప్పుడు బోధల వల్ల దారి తప్పాను, ప్రభువు దగ్గరికి తిరిగి వస్తున్నాను.' సంతకం పెట్టాను. అప్పుడు గేటు తీశారు.

నాకు తప్పుడు బోధ చేసింది వాళ్లు పిలిపించిన మనిషే. ఒక్క అబద్ధం చూసి బయటికి వచ్చినవాణ్ణి, అమ్మ శవం పక్కన కూర్చుని అబద్ధం రాశాను. దేవుడు లేడని నేను అనను. యేసు మీద నాకు కోపం లేదు. సాయంత్రాలు ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు ఇప్పటికీ నోట్లోకి వస్తాయి, రాగంతో సహా. హిందువునూ కాలేదు. ధర్మపథికుడు గారూ, మీ మంచితనం అర్థమైంది. కానీ నేను ఎక్కడికీ తిరిగి రాలేదు. బయట నిలబడి ఉన్నానంతే. అక్కడ నిలబడనివ్వమని అడుగుతున్నాను.

కృపాలయం:
బ్రదర్, మొదట నేను రాసిన మాట తేలిగ్గా రాశాను. క్షమించండి.

ధర్మపథికుడు:
సరే సోదరా. ఇంక పిలవను. హెమిస్ గ్రంథం సంగతి మూలపాఠం గారితో వేరే చర్చలో తేల్చుకుంటాను.

సువార్త_టీచర్:
రాత్రంతా ఇదే ఆలోచన. శవం పక్కన పెట్టించుకున్న సంతకం దేవుడి లెక్కలోకి రాదు. నా నమ్మకం ఇది, నువ్వు ఒప్పుకోకపోయినా సరే. నువ్వు బయటికి వెళ్లడం సరైనదని నేను ఇప్పటికీ అనను. ఆ కాగితం మాత్రం వెనక్కి అడుగు. ఇవ్వం అంటే నాకు చెప్పు, మీ ఫీల్డు పెద్దలకు, అంటే మీ ప్రాంత సంఘాల పెద్దలకు, నేను ఉత్తరం రాస్తాను. సంతకం నాదే పెడతాను.

ఈస్టర్‌కు అమ్మ సమాధికి సున్నం ఎవరు వేస్తున్నారు?

గుండ్లకమ్మ_గట్టు:
పోయినసారి వెళ్లలేదండి. ఎవరూ వేయలేదు. తాళం చెవి కమిటీ సెక్రటరీ దగ్గర ఉంటుంది.

సువార్త_టీచర్:
శనివారం పొద్దున్నే వస్తాను. ఊరి పేరు ఇక్కడ పెట్టకు, వేరే మెసేజ్‌లో చెప్పు. తాళం నేను అడుగుతాను.